ఎదిగే పిల్లకు విల్లు

2023 వేసవి చివర. అమెరికాలో మోరిస్‌విల్‌కి దగ్గర్లో వేట సామాన్లు అమ్మే దుకాణంలో విల్లంబుల కౌంటర్ నాది. బొట్టు పెట్టుకున్న తెలుగావిడ అక్కడ కనబడగానే మనవాళ్ళు ముందు తెల్లబోతారు, తరువాత ఏ ఊరండీ అని మొదలుపెడతారు. ఆ శనివారం వచ్చిన శ్రీధర్ కూడా అంతే. వరంగల్ మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పక్కన పదకొండేళ్ళ కూతురు అన్విత. వేటగాళ్ళకు పెట్టే సేఫ్టీ కోర్సు ఇద్దరూ కలిసే పాసయ్యారట. ఆఫీసు స్నేహితుడొకాయన తన సొంత అడవిలో జింక వేటకు రమ్మన్నాడట. సీజన్ మొదలవగానే నాన్నతో వెళ్ళాలని ఆ పిల్ల సెలవులంతా కలలు కంటోంది.

శ్రీధర్ అప్పటికే కూతురికి పెద్దవాళ్ళ విల్లు ఒకటి చూసిపెట్టాడు. "ఎదిగే పిల్ల కదక్కా, రెండు సైజులు పెద్దది తీసుకుంటే నాలుగేండ్లు వస్తది" అన్నాడు. నాకు నవ్వాగలేదు. మా అమ్మ నాకు గౌన్లు అచ్చం ఇలాగే కుట్టించేది. గౌను వదులైతే పిన్నీసు పెట్టుకోవచ్చు, విల్లుకి ఏం పెడతాం? తాడు లాగడానికి పట్టే బలం డ్రా వెయిట్, ఎంత వెనక్కి లాగాలో అది డ్రా లెంత్. రెండూ మనిషి ఒంటికి సరిపోవాలి.

మాకొక పరీక్ష ఉంది. కుర్చీలో కూర్చుని, పాదాలు నేలకు ఆనకుండా ఎత్తి, తాడు నిదానంగా లాగి, కాసేపు నిలిపి, వదిలేయకుండా మెల్లగా దించాలి. అన్విత ఎంత గింజుకున్నా తాడు సగం కూడా రాలేదు. మొహం కందిపోయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను చాలా వీక్, డాడీ" అంది.

అయ్యో అనిపించి శ్రీధర్‌ని కూడా అదే పరీక్షకు కూర్చోమన్నాను. తనకోసం ఎంచుకున్నదేమో పహిల్వాన్ల విల్లు. పాపం, కుర్చీతో సహా వెనక్కి పడబోయాడు. పిల్ల పకపకా నవ్వింది, తండ్రీ నవ్వేశాడు. ఇద్దరికీ డ్రా వెయిట్ తక్కువున్న విల్లులు తీశాను. అన్విత చేతికి చిన్న కాంపౌండ్ బో ఇచ్చాను. చివర్లలో చక్రాలుండే విల్లు అది, పిల్ల ఎదిగేకొద్దీ మర తిప్పి బలం పెంచుకోవచ్చు. ఆ పిల్ల దాన్ని హాయిగా లాగి, నిలిపి, దించింది.

చిక్కల్లా అక్కడే వచ్చింది. జింక మీద వాడే విల్లుకి కనీసం ఇంత డ్రా వెయిట్ ఉండాలని మా రాష్ట్రంలో నిబంధన. అన్విత లాగగలిగింది దానికి చాలా తక్కువ. అలవాటు ప్రకారం తండ్రిని పక్కకు పిలిచి చెప్పాను.

"అడవిల ఎవరు చూస్తరక్కా? పాపం ఆశ పెట్టుకుంది" అని గొణిగాడు.

నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోతుండగా చూస్తే అన్విత మా వెనకే నిలబడి ఉంది.

"దీంతో షూట్ చేస్తే డీర్‌కి ఏమవుతుంది, ఆంటీ?"

ఆ మొహం చూస్తూ అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "బాణం సరిగ్గా దిగదమ్మా. గాయంతో పారిపోతుంది. ఎక్కడో పడి చాలాసేపు బాధపడుతుంది."

అన్విత విల్లును కౌంటర్ మీద మెల్లగా పెట్టింది. "అయితే ఈ ఇయర్ నేను రాను, డాడీ. నువ్వు వెళ్ళు."

శ్రీధర్ కూతురి తల నిమిరాడు. "నువ్వు లేకుంట నేనెందుకు పోత బిడ్డా? ఇద్దరం ఆగుదాం."

శ్రీధర్ ఆ చిన్న విల్లే కొన్నాడు. ఆ ఏడాదంతా దుకాణం వెనక బాణాలు వేసే మా రేంజ్‌లో ఫోమ్ జింక బొమ్మల మీద ఇద్దరూ సాధన చేశారు. సీజన్ వచ్చి వెళ్ళిపోయింది, స్నేహితుడు ఎంత పిలిచినా శ్రీధర్ కదల్లేదు. మళ్ళీ వేసవి చివర ఆ విల్లు మర తిప్పి బలం కొలిచే స్కేల్‌కి తగిలిస్తే నిబంధన అడిగినంత చూపించింది. అన్విత దాన్ని నిబ్బరంగా లాగి దించి, వెళ్ళి తండ్రిని వాటేసుకుంది.

పిల్లలకు చేదు మాట చెప్పాల్సి వస్తే ఇప్పుడు నేను పెద్దవాళ్ళను పక్కకు పిలవను. పిల్లల ముందే కూర్చుని వాళ్ళకే చెబుతాను. వాళ్ళు ఏడుస్తారు, అలుగుతారు, ఆ తరువాత మనం ఊహించని మాట చెబుతారు. అది వినడానికి పెద్దవాళ్ళు పక్కనుంటే చాలు.