పోటీలో వినబడిన గొంతు

థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక నా గొంతు పోయింది. పూర్తిగా కాదు. గాలి ఎక్కువ, మాట తక్కువ అన్నట్టు మిగిలింది. మార్కాపురంలో మాకు చీరల దుకాణం ఉంది. నేను ఒక రంగు చెబితే ఎదురుగా కూర్చున్నవాళ్లు ముందుకు వంగి, "ఏందక్కా? మళ్లీ చెప్పు" అనేవాళ్లు. తర్లుపాడు నుంచి వచ్చే ఒకావిడ మాత్రం నా నోటికేసి చూడడానికే మొహమాటపడి, పనిపిల్లతో బేరం ఆడేది. నరం దెబ్బతినలేదనీ, గొంతు నెమ్మదిగా వస్తుందనీ డాక్టరు చెప్పారు. నెమ్మదిగా అంటే ఎన్నాళ్లని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

కాలేజీ రోజుల నుంచీ నాకు హ్యామ్ రేడియో లైసెన్సు ఉంది. మిద్దె మీద రెండు ఇనుప గొట్టాల మధ్య తీగ కట్టి, మెట్ల గదిలో సెట్టు పెట్టుకుని, ఎక్కడెక్కడివాళ్లతోనో మాట్లాడేదాన్ని. ఏటా ఇష్టంగా పాల్గొనే పోటీ ఒకటుంది. ఆదివారం పగలంతా ఎన్ని స్టేషన్లు దొరికితే అన్నింటిని పిలవాలి. ఒకరి సిగ్నల్ మరొకరికి ఎలా వినబడుతోందో చెప్పుకుని, వరస నంబరు ఇచ్చిపుచ్చుకుని, తర్వాతివాళ్ల దగ్గరికి పోవాలి. అంతా నోటి మాట మీద నడిచే ఆట. ఆ ఏడు దాని ఊసే ఎత్తలేదు నేను.

ఆ ఆదివారం పొద్దున మా ఆయన మిద్దె దిగి వచ్చి చేతులు దులుపుకున్నారు.

"తీగ జారిపోయుంటే బిగించి వచ్చినా. పోయి కూర్చో."

"ఎవురికి వినపడతాదని?"

"వినపడకపోతే దిగి రా. ఎవురేమంటారు?"

వెళ్లి కూర్చున్నాను. హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే పాత గోల చెవుల నిండా వచ్చిపడింది. నా కాల్‌సైన్ చెప్పాను, గాలిలో నన్ను గుర్తుపట్టే అక్షరాలవి. ఎవరూ పలకలేదు. నాకంటే గట్టి గొంతులు నా మీదుగా వెళ్లిపోయాయి. ఇంకోచోట ప్రయత్నిస్తే ఒకాయన పలికి, "ఫైవ్ నైన్" అనేసి తన నంబరు చెప్పాడు. అది అన్నిటికన్నా మంచి మార్కు. కానీ పోటీలో అందరూ అందరికీ అదే ఇస్తారు. బాగున్నారా అంటే బాగున్నాం అన్నట్టు. దాన్ని నమ్మి సంతోషపడలేకపోయాను.

సెట్టు కట్టేద్దామనుకుంటుండగా విశాఖ వైపు పెద్దాయన ఒకరు వినిపించారు. ఏనాడూ ఆయన్ని చూడలేదు. ఏళ్లుగా గాలిలోనే పరిచయం. నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆయన కోసం పదిమంది ఒక్కసారే అరుస్తున్నారు. వాళ్లు ఊపిరి తీసుకునే సందులో నా కాల్‌సైన్ చివరి రెండక్షరాలు అన్నాను.

ఆయన ఠక్కున ఆగారు. మిగతావాళ్లను ఇంగ్లీషులో కాసేపు ఆగమని చెప్పి, తెలుగులోకి దిగారు.

"ఎవరది? మార్కాపురం అమ్మాయేనా?"

"నేనే బాబాయ్."

"ఏమైపోయావమ్మా ఇన్నాళ్లూ?"

"గొంతుకు ఆపరేషన్ అయింది బాబాయ్. నిజం చెప్పు, ఎట్ల వినపడతా ఉండా?"

పోటీలో ఒక్కరితోనే ఇంతసేపు మాట్లాడడమంటే ఎంత నష్టమో ఇద్దరికీ తెలుసు.

"నిజమే చెప్తాను. ఫైవ్ నైన్ కాదు, ఫైవ్ ఫైవ్. బలం తగ్గింది, కాస్త బొంగురుపోయింది. కానీ ఒక్క ముక్క కూడా పోవట్లేదమ్మా. ఆ రెండక్షరాలకే నువ్వని పోల్చుకున్నాను కదా."

మొదటి అయిదు మాట తెలియడానికి, అందులో అయిదే పూర్తి మార్కు. రెండో అయిదు బలానికి, అది తొమ్మిదికి. నా మాట పూర్తిగా తెలుస్తోంది! కళ్లు తుడుచుకుంటూ నంబరు చెప్పాను. ఆయన తన నంబరిచ్చి, "గోరువెచ్చని నీళ్లు తాగుతూ ఉండు" అని మళ్లీ తన గుంపులోకి వెళ్లిపోయారు.

ఆ తర్వాత అరవలేదు. పెద్ద గొంతులు సద్దుమణిగేదాకా ఆగి, చిన్నగా, స్పష్టంగా పిలిచాను. ఒకరి తర్వాత ఒకరు పలికారు. మధ్యాహ్నానికి గిద్దలూరు వైపు మబ్బు పట్టి హెడ్‌ఫోన్లలో చిటపటలు మొదలైతే, పిడుగు భయానికి తీగ ఊడదీసి కిందికి వచ్చాను.

"ఎట్ల జరిగింది?" అన్నారు మా ఆయన.

"ఫైవ్ ఫైవ్."

"అంటే తక్కువేనా?"

"తక్కువే" అని నవ్వాను. పెరుగన్నం తిని పడుకున్నాను. బయట వాన మొదలైన సంగతి కూడా తెలియనంత గాఢంగా నిద్రపట్టింది.