అక్క మ్యాప్‌లో అరచేయంత ఖాళీ

మా అక్క బట్టలు కుడుతుంది. వీధిలో అందరికీ ఆమె కొలతలక్క. వారమంతా మిషన్ తొక్కీ తొక్కీ, సెలవు రోజు వచ్చిందంటే చాలు, నాడాల చుట్ట ఒకటి చంకన పెట్టుకుని బయలుదేరుతుంది. ఆ నాడాకు గజానికో ముడి ఉంటుంది. ఒక కొసను ఏ స్తంభానికో కిటికీ ఊచకో కట్టి, రెండో కొస లాక్కుంటూ సందులన్నీ కొలుస్తుంది. ఇంటికొచ్చి, చొక్కాలకు నమూనాలు కత్తిరించే ఖాకీ కాగితం మీద మా ఊరి మ్యాప్ గీస్తుంది. ఎవరూ గీయమనలేదు. “ఏం చేసుకుంటావక్కా దీన్ని?” అంటే, “నువ్వు సీరియళ్ళు చూసి ఏం చేసుకుంటున్నావే?” అంటుంది.

నాడా కొస నేను పట్టుకుంటానంటే ఇవ్వదు. నేను బస్సు కండక్టర్ని. “నేల మీద నిలబడినా నీ చెయ్యి బస్సులో ఉన్నట్టే ఊగుతుంది. నీకంటే స్తంభమే నయం” అంటుంది. అక్క కాబట్టి ఊరుకున్నాను గానీ ఇంకొకరైతే తర్వాతి స్టాపులో దింపేసేదాన్ని.

ఆ మ్యాప్‌లో ఊరంతా ఉంది. నడిమధ్యన మాత్రం అరచేయంత ఖాళీ. అది మూతబడిన నూలుమిల్లు. మా అమ్మ బతుకంతా అక్కడే పనిచేసింది. చిన్నప్పుడు మేమిద్దరం సాయంత్రాలు గేటు బయట నిలబడి ఎదురుచూసేవాళ్ళం. జుట్టు నిండా పత్తి పీచుతో వచ్చేది. లోపల బావి పక్కన బాదం చెట్టు ఉందనీ, మధ్యాహ్నం దాని కింద కూర్చుని క్యారేజీ విప్పుకుంటాననీ చెప్పేది. పిల్లల్ని మాత్రం లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. అమ్మ పోయింది, ఆ తర్వాత మిల్లూ మూతపడింది.

“అమ్మ చెప్పింది కదా, ఓ బావీ చెట్టూ గీసెయ్యరాదూ?” అన్నానొకసారి.

“విన్నది గీస్తే అది మ్యాప్ కాదే, పుకారు” అంది.

తన కాలు పడని చోటు గీయదు. అదీ ఆమె పంతం. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఈ ఏడు అక్కకు అరవై నిండుతున్నాయి. ఏదైనా మంచి వస్తువు ఇవ్వాలని స్టేషనరీ కొట్టుకు వెళ్ళి, “మ్యాపులు గీసే మనిషికి ఏమిస్తే బాగుంటుందండీ?” అని అడిగాను. కొట్టాయన రంగు పెన్సిళ్ళు చూపించాడు, పెద్ద స్కేళ్ళు చూపించాడు, దిక్సూచి చూపించాడు. దిక్సూచి ఇస్తే మా అక్క గుండీల డబ్బాలో పడేస్తుంది. ఇక వచ్చేద్దామనుకుంటుంటే గోడ మీద మా ఊరి అచ్చు మ్యాప్ కనిపించింది. చెక్క ఫ్రేము, అద్దం, రంగులు. కళ్ళు చెదిరిపోయాయి. పైగా అందులో మిల్లు కూడా ఉంది! ఇక నా సంబరం చూడాలి. పుట్టినరోజు దాకా ఆగలేక, అప్పుడే మోసుకెళ్ళి ఇచ్చేశాను.

“ఇదిగో, ఇందులో చూసి నీ ఖాళీ నింపేసుకో అక్కా.”

అక్క చాలాసేపు చూసింది. “అద్దం బాగుంది” అంది. తర్వాత దాని ముఖాన్ని గోడ వైపు తిప్పి, ఆనించేసింది. “ఎవరి కాళ్ళతో నడిచానని గీయమంటావే?”

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆలోచిస్తే నిజమే. వంట బాగా చేసుకునే మనిషికి హోటల్ పొట్లం తెచ్చిపెట్టినట్టుంది నేను చేసిన పని.

ఆ వారమే తెలిసింది, మిల్లు పడగొడుతున్నారని. అక్క మిషన్ ఆపేసి, “ఇక అది ఖాళీగానే ఉండిపోతుందే” అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ పోయాక అక్క ఏడవడం నేను మళ్ళీ చూడలేదు. ఏమివ్వాలో అప్పుడు తెలిసింది నాకు. కొట్లో దొరికేది కాదు. ఆ గేటు తెరిపించాలి.

డ్యూటీ దిగగానే మిల్లుకు వెళ్ళాను. కాపలాదారు కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

“బయటివాళ్ళను రానివ్వం.”

“మా అమ్మ ఇక్కడే పనిచేసిందయ్యా!”

“ఊళ్ళో సగంమంది అమ్మలు ఇక్కడే పనిచేశారు తల్లీ.”

మిల్లు ఆఫీసుకు వెళ్తే గుమాస్తా “చూద్దాం” అన్నాడు. ‘దిగేటప్పుడు తీసుకుంటాలే టికెట్’ అనేవాళ్ళను రోజూ చూస్తున్నదాన్ని, ఆ చూద్దాం ఎలాంటిదో నాకు తెలియదా? మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. నన్ను చూస్తే గుమాస్తా లోపలి గదిలోకి దూరడం మొదలుపెట్టాడు. ఇవతల పడగొట్టే యంత్రాలు వచ్చి మిల్లు బయట నిలబడ్డాయి.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం, పచ్చ హెల్మెట్ ఒళ్ళో పెట్టుకున్న ఒకాయన నా బస్సెక్కాడు. పడగొట్టే పనికి సూపర్‌వైజర్. ఫోనులో ఎవరినో తెగ తిడుతున్నాడు. దుమ్ము బయటికి రాకుండా గోడ చుట్టూ కట్టే వలగుడ్డ ముక్కలు ముక్కలుగా వచ్చిందట. కలిపి కుట్టేవాళ్ళు దొరక్క పని మొదలుకావడం లేదట. వెతకబోయిన తీగ కాలికి తగిలింది!

“టికెట్ సార్” అన్నాను. ఇచ్చాక, “మా అక్క కుడుతుంది” అన్నాను. “కానీ ముందు లోపలంతా నడిచి కొలవాలి.”

“వల కట్టేది బయటి గోడకు కదమ్మా? లోపల కొలతలెందుకు?”

“వీపు ఒక్కటే కొలిచి చొక్కా కుడతారా సార్?”

బస్సంతా గొల్లుమంది. ఆయనా నవ్వాడు. ఇక దాచలేక అమ్మ సంగతి, మ్యాప్ సంగతి, అరవై నిండే సంగతి అంతా చెప్పేశాను. “పోనివ్వండి సార్, మీ సొమ్మేం పోయింది?” అంది ముందు సీటు పెద్దామె. “ఔనంటేనే ఆయన స్టాపులో ఆపుతా” అని డ్రైవరు గట్టిగా అరిచాడు.

“సరే తల్లీ, సరే! హెల్మెట్లు పెట్టుకోండి. కూలేటట్టున్న షెడ్డు జోలికి పోకండి” అన్నాడు ఆయన.

పుట్టినరోజు పొద్దున అక్కను వలగుడ్డ పని ఉందని చెప్పి తీసుకెళ్ళాను. కాపలాదారు ఈసారి కుర్చీలోంచి లేచి గేటు బార్లా తీశాడు. అక్క గడప దగ్గరే ఆగిపోయింది.

“నడువక్కా. నీ బహుమతి లోపలుంది.”

నా వైపు ఒక్క చూపు చూసింది. చంకలోని నాడా చుట్ట విప్పడం మొదలుపెట్టింది.

తర్వాత ఎవరు ఆపగలరు? హెల్మెట్ కిందికి జారుతుంటే పైకి తోసుకుంటూ వడుకు గది, పత్తి బేళ్ళ గోదాం, నీళ్ళ ట్యాంకు అన్నీ చుట్టేసింది. వెనక వైపు తిరిగేసరికి బావి కనిపించింది. పక్కనే బాదం చెట్టు. దాని కింద అరుగు, మధ్యలో అరిగి నున్నబడి ఉంది. అక్క దాని మీద కూర్చుని రెండు చేతులతో తడిమింది. “అమ్మ చెప్పిన చోటేనే” అంది. ఇద్దరం బావురుమన్నాం. ఏడుస్తూనే నవ్వాం కూడా.

బావికీ అరుగుకూ మధ్య కొలవాలి. దగ్గర్లో కట్టడానికి స్తంభం లేదు. అక్క ముక్కు తుడుచుకుని నాడా కొస నాకు అందించింది.

“గట్టిగా పట్టుకో. ఊపావంటే చంపుతా.”

ఊపలేదు. ఊపిరి కూడా పీల్చలేదు నేను!

వలగుడ్డ చెప్పిన వేళకే కుట్టిచ్చింది. మిల్లు నేలమట్టమైంది. కానీ ఆ పాటికే ఖాకీ కాగితం మీద ఖాళీ నిండిపోయింది. అన్ని పేర్లూ సుద్దతో రాసే మనిషి, ఒక్క పేరు మాత్రం దారంతో కుట్టింది, ‘అమ్మ అరుగు’ అని. నేను గంతులేసి వీధివాళ్ళందరినీ పిలిచాను. జనం లోపలికొచ్చేసరికి అక్క ఆ ఫ్రేములోంచి అచ్చు మ్యాప్ లాగేసి, తన మ్యాప్ అందులో అమర్చి, గోడకు మేకు కొడుతోంది.

“చూశావా, నీ అద్దం పనికొచ్చింది” అంది.