సగ్గుబియ్యమంత గొర్రెపిల్ల

మా ప్రయోగం గురించి ఎవరడిగినా, ఆ మొదటి ఫోటో నా తర్వాత చూసింది మా ప్రొఫెసర్ గారేనని చెబుతూ వచ్చాను. అది నిజం కాదు. ఆయనకంటే ముందు గిద్దలూరు బస్సులో ఒకామె చూసింది.

గొర్రె అండాశయంలోని మూలకణాలను ల్యాబ్‌లో అండాలుగా పెంచి, వాటినుంచి పిండాలు తయారుచేయాలని ఏళ్లుగా పనిచేస్తున్నాను. ప్రతి పిండమూ రెండు కణాలు కాగానే చచ్చిపోయేది. ఆ రోజు బస్సు కంభం దాటుతుండగా ల్యాబ్‌లోని కెమెరా నుంచి నా ఫోన్‌కి ఫోటో వచ్చింది. పిండం ఎనిమిది కణాలైంది! నేను సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను.

"ఏంది తమ్ముడూ, ఒక్కనివే నవ్వుకుంటాండావు? ఈ వయసులో పెండ్లి కుదిరిందా?" అంది పక్కనున్నామె. ఆమెది కొమరోలు వైపు, గొర్రెలు మేపుకునే కుటుంబం.

"గొర్రెపిల్ల అక్కా! గాజుపళ్లెంలో పెరుగుతాంది" అని ఫోన్ చూపించాను.

"ఇదా? సగ్గుబియ్యం ముద్ద మాదిరి ఉండాది. బతుకుతాదా?"

"ఇంతవరకు ఒక్కటీ బతకలేదు."

"మరి ఇట్ల అందరికీ చూపిస్తే దిష్టి తగలదా?" అని కసిరి, తన కంటి కాటుక వేలికి అద్దుకుని ఫోన్ మీద ఓ మూల చుక్క పెట్టింది.

మర్నాడు ప్రొఫెసర్ గారు నా ఫోన్‌లో ఫోటో చూస్తూ, "ఇదేమిటి, మచ్చ?" అన్నారు. "దుమ్ము సార్" అని గబుక్కున తుడిచేశాను.

ఆ పిండాన్ని ఒక గొర్రె గర్భంలో పెట్టాం, అది బతికింది. గొర్రెపిల్లై లేచి నిలబడిన రోజు, ఎవరూ చూడకుండా దాని చెవి వెనక కాటుక చుక్క పెట్టాను.

సార్, ఆనాడు మీరు చూసింది దుమ్ము కాదు.