కుప్పంలో కలిసిన రెండు రంగుల నీళ్లు

మా అన్న కూతురు భార్గవి కుప్పంలో ఇంజనీరింగ్ చదువుతోంది. "మా సారుకు ఛానల్ చూపించాల, మనింట్లో ఒకరన్నా రాండి" అని ఫోన్ చేసింది. ఆ రోజు మా అన్నకు టమాటా కోత ఉంది. అందుకని నేను బయలుదేరాను. మదనపల్లెలో పొద్దున్నే బస్సెక్కితే పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా మూడు గంటలకు పైగా పడుతుంది. ఛార్జీ రెండు వందల లోపే. పుంగనూరులో టీకి దిగినప్పుడు కండక్టరు యాడికని అడిగాడు. మా పాప ఛానల్ చూడడానికని చెప్పాను.

"పేరు చెప్పప్పా, ఈడే సబ్‌స్క్రైబ్ చేస్తా" అని ఫోన్ తీశాడు.

నాకూ అంతకు మించి తెలియదు. వంటల ఛానలేమో అనుకుంటూ కుప్పం చేరాను.

కాలేజీ ల్యాబులో భార్గవి చూపించింది వేలెడంత రబ్బరు ముక్క. దాని లోపల వెంట్రుకంత కాలువ ఉంది. ఛానలంటే అదే! అందులోకి చిన్న పంపుతో పక్కపక్కనే నీలం నీళ్లు, పసుపు నీళ్లు ఎక్కించింది. అంత సన్నటి కాలువలో అవి వాటంతట అవి సరిగా కలవవట. మన చెవికి వినపడని శబ్దంతో కదిలించి కలపాలి. ఆ మధ్యాహ్నం సారు ముందు కలవకపోతే ఆర్నెల్ల పని వదిలేసి వేరేది మొదలుపెట్టాలి.

రెండుసార్లు శబ్దం పెట్టింది. మైక్రోస్కోపు తెర మీద రెండు రంగులూ చివరిదాకా విడివిడిగానే పోయాయి.

"మిషన్ ఆన్ చేసినావా పాపా?"

"చేసినా చిన్నాయనా. నువ్వు కాసేపు మాట్లాడగాకు."

సారు వచ్చి వెనక నిలబడ్డారు. భార్గవి తెరకు దగ్గరగా వంగింది. "గోడ ఉబ్బతాండాది సార్. నేను గాజు గోడకు కట్టినట్టు లెక్క కట్టినా" అంది. పంపు ఒత్తిడికి రబ్బరు సాగి కాలువ వెడల్పవుతోంది. అనుకున్నదానికంటే ఎక్కువ నీళ్లు పరిగెత్తుతున్నాయి. శబ్దంలో కొంత మెత్తటి గోడే మింగేస్తోంది. ఆమె పంపు తగ్గించి మళ్లీ శబ్దం పెట్టింది. కాసేపటికి కాలువ చివర ఆకుపచ్చ కనిపించింది.

"ఆ ఉబ్బు సంగతే రాయమ్మా. పని సాగించు" అన్నారు సారు.

అప్పుడే మా అన్న ఫోన్ చేశాడు.

"ఏమైందిరా?"

"కలిసినాయి."

"ఏంటివి?"

"నీళ్లు."

"నీళ్లు కలిసేది సూడను కుప్పం దాకా పోయినావా!"

మా చేలో డ్రిప్పు పైపులు ఎండకు మెత్తబడి ఉబ్బుతుంటాయి. నాకు వాటిని మార్చడమే తెలుసు, ఉబ్బునూ లెక్కలో కలుపుకోవచ్చని ఆ రోజు చూశాను. తర్వాత భార్గవి క్యాంటీనులో రెండు ప్లేట్లు అన్నం తినింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదట. మీరెప్పుడైనా కుప్పం వెళ్తే, తిరుగు ప్రయాణంలో మదనపల్లె బస్సు కోసమే కూర్చోకండి. పలమనేరు దాకా ఏది దొరికితే అది ఎక్కి అక్కడ మారండి.