కడిగి తెచ్చిన కారు

ఆ రోజుల్లో నాకున్న కోరిక ఒక్కటే, సీటు కవర్లు కుట్టే సూది వదిలేసి టెస్టర్ పట్టుకోవాలి. (మా ఇంట్లోవాళ్ళ కోరికలు వేరే ఉండేవి, వాటిని నేను పట్టించుకోలేదు.) ఏలూరులో మా మామూకి, అంటే మా అమ్మ తమ్ముడికి, కార్లలో మ్యూజిక్ సిస్టమ్‌లు బిగించే షాపు ఉండేది, నా కుట్టుపనీ అక్కడే. ఒకరోజు ఆయన కొల్లేటికోట నుంచి వచ్చిన కారొకటి చూపించి, "దీని జబ్బు కనిపెట్టావంటే ఆంప్లిఫయర్ పనులన్నీ ఇక నీవే. లేదంటే సూదీ దారం ఉండనే ఉన్నాయి," అన్నాడు.

ఆ కారు చేపల చెరువుల బాబాయిగారిది (మాకు చుట్టమేమీ కాదు, అందరూ ఆయన్ని అలాగే పిలిచేవారు). నీటికాకులు చేపపిల్లల్ని మింగేస్తున్నాయని, టపాకాయలకు అవి అలవాటుపడిపోయాయని, ఆయన డిక్కీలో పెద్ద సబ్‌వూఫర్ పెట్టించుకుని చెరువుగట్టు మీద దడదడలాడిస్తూ తిరిగేవారు. "గట్టెక్కిన కాసేపటికి పాట ఆగిపోతోందండీ. పిట్టలు నన్ను చూసి నవ్వుతున్నాయండీ," అన్నారు. నేను ఫ్యూజు చూశాను, బ్యాటరీ చూశాను, ఎర్త్ వైరు కింద రంగు గీకి మళ్ళీ బిగించాను. షాపు ముందు అది మధ్యాహ్నమంతా మోగింది (పక్క టీకొట్టులో గ్లాసులు కూడా మోగాయి). మర్నాడు ఆయన ఫోను, "మళ్ళీ ఆగిందండీ." మళ్ళీ తెచ్చారు, మళ్ళీ భేషుగ్గా మోగింది. మామూ సూదిలో దారం ఎక్కించి నా ముందు పెట్టాడు.

దాంతో నాకు పంతం పట్టుకుంది. టెస్టర్ జేబులో పెట్టుకుని కొల్లేరు బస్సెక్కేశాను. గట్టు మీద పాట ఆగగానే డిక్కీ తెరిస్తే ఆంప్లిఫయర్ కనబడలేదు. దాని మీద తవుడు బస్తాలు, వాటి మీద తడి వల. బస్తాలు లాగి చెయ్యి పెడితే చుర్రుమంది. గాలి ఆడక, వేడెక్కి, తనంతట తనే ఆగిపోతోంది.

"బాబాయిగారూ, ఈ బస్తాలు రోజూ ఉంటాయా అండీ?"

"రోజూ ఉంటాయండీ."

"మరి షాపుకి వచ్చినప్పుడు లేవేంటండీ?"

ఆయన నొచ్చుకున్నారు. "భలేవారే, నలుగురూ వచ్చే షాపు కదండీ. ఈ తవుడుతో, ఈ నీచు కంపుతో మీ ముందుకెలా వస్తామండీ? అన్నీ దించేసి, శుభ్రంగా కడిగించే తెచ్చానండీ."

ఆయన మర్యాద నన్ను జీవితాంతం సీటు కవర్లకు కుట్టేసేదే. ఆంప్లిఫయర్‌ను బస్తాలు తగలనంత ఎత్తున, సీటు వెనక నిలువుగా బిగించాను. ఆ పూటంతా గట్టు అదిరింది. నీటికాకులు లేచాయి (లేచి పక్క చెరువులో దిగాయి, ఆ సంగతి ఆ చెరువాయన చూసుకోవాలి). నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. సూదిని మామూయే డబ్బాలో పెట్టేశాడు.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో నాకే ఒక షాపు ఉంది. రమ్మని చెప్పేటప్పుడే అందరితోనూ అంటాను, "కడక్కండి, ఎలా వాడతారో అలాగే తీసుకురండి." మొన్న నా కారు వెనక ఏదో కటకటమంటోందని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను ఊరంతా తిప్పి తెచ్చి, "చప్పుడేమీ లేదండీ," అన్నాడు. ఎందుకుంటుంది? బయల్దేరేముందు డిక్కీలో సామానంతా దించేసి, తడిగుడ్డతో తుడిచి మరీ తీసుకెళ్ళాను. బాబాయిగారిని తలుచుకుని నవ్వుకుంటూ, సామాను తెచ్చుకోవడానికి ఇంటికి బయల్దేరాను.