నీడలో నిలబడి చూడండి

రాయదుర్గం మెట్రో దిగి బయటికి రాగానే ఎదుటి టవరు అద్దాల మీది ఎండ నేరుగా కళ్ళలో పడుతుంది. తొమ్మిదిన్నరకే ఆ అద్దాలు పెనంలా కాలుతుంటాయి. ఆ వెలుగులోంచి మా ఆఫీసు లాబీలోకి అడుగు పెడితే కాసేపు ఏమీ కనిపించదు. ఏసీ చల్లదనం, ఫినాయిల్ వాసన, ఎక్కడో లిఫ్టు గంట, అంతే. అందరూ ఫోన్లు చూసుకుంటూ ఆ చీకట్లోంచే నడిచి వెళ్ళిపోతారు. నేను మాత్రం తలుపు పక్కన ఆగుతాను. ఇవాళ కూడా ఆగాను. కొత్తగా చేరిన సెక్యూరిటీ ఆవిడ దగ్గరికొచ్చి, "ఏమైంది మేడం, కండ్లు తిరుగుతున్నయా?" అంది. "లేదమ్మా, తేరుకుంటున్నాయి" అన్నాను. ఆవిడకు నమ్మకం కుదిరినట్టు లేదు. ఇంతలో చేతిలో ఫోను మోగింది. మా ప్రొడ్యూసర్ శ్రీకర్ గారి మెసేజ్: "మాధవి గారూ, ఒక్క మాటండి." ఆ ఒక్క మాట ఏమిటో నాకు తెలుసు. నాలుగేళ్ళ కిందట కూడా ఇలాగే ఒక్క మాటన్నారు. అది విని నేను చేసిన పని మా యాకోబు సార్ ఉద్యోగాన్ని మింగేసింది.

మేము వీడియో గేములు తయారు చేస్తాం. ఆటలో ఎండ ఎక్కడ పడాలి, నీడ ఎంత నల్లగా ఉండాలి అన్నది తేల్చే లైటింగ్ టీముకు అప్పట్లో యాకోబు సార్ పెద్ద. కంప్యూటరు చదువు చదివినవారు కాదు. చందానగర్ మార్కెట్లో ఫోటో స్టూడియో నడుపుతూ ఇరవయ్యేళ్ళు పెళ్ళిళ్ళు తీశారు. చేతిలో ఫోనున్న ప్రతివాడూ ఫోటోగ్రాఫరైపోయాక, నలభై ఐదేళ్ళ వయసులో మౌసు పట్టుకోవడం నేర్చుకున్నారు. మెడలో ఐడీ కార్డుతో పాటు వెలుగును కొలిచే పాత లైట్ మీటరొకటి వేలాడుతుండేది. టీములో ఎవరు కొత్తగా చేరినా మొదటివారం ఆయన పెట్టే పరీక్ష ఒకటే. మిట్టమధ్యాహ్నం పావుగంట ఎండలో నిలబెట్టి, తర్వాత సెల్లార్ పార్కింగులోకి దింపి, చేతికి కాగితమూ పెన్నూ ఇచ్చేవారు. ఏది ముందు కనిపించింది, ఏది తర్వాత కనిపించింది, వరసగా రాయాలి. కడప నుంచి ఇంజనీరింగు పట్టా పట్టుకొచ్చినదాన్ని, నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా రాశాను.

"ముందుగాల ఏం కనవడ్డది?" అన్నారు.

"ట్యూబ్‌లైటు సార్."

"గది అందరికి కనవడ్తది. ఆఖరికేం కనవడ్డదో చెప్పు."

"ఆ మూల వాచ్‌మన్ టిఫిన్ డబ్బా సార్. ఇందాక లేదు."

"అది నువ్వు రాకముందు సంది ఆడనే ఉన్నది బిడ్డా. నీ కండ్లే జర లేటుగ వచ్చినయి."

అప్పుడు మేము చేస్తున్నది చందమామ మీద నడిచే ఆట. వ్యోమగామి దిగుతాడు, బండి నడుపుతాడు, రాళ్ళు ఏరతాడు. అలాంటి ఆటల్లో మామూలుగా ఆకాశం నిండా నక్షత్రాలు గుమ్మరిస్తారు. సార్ ఒక్కటి కూడా పెట్టనివ్వలేదు. ఎండలో మెరిసే నేల మీద నిలబడ్డవాడికి పైన ఉత్త నలుపు మాత్రమే కనిపించేలా చేశారు. కానీ ఆ నలుపు వెనక ఏడాదిన్నర కష్టం ఉంది. ఆడేవాడు ఏదైనా పెద్ద బండరాయి నీడలోకి వెళ్ళి, మెరిసే నేలకు వీపు తిప్పి, ఊరికే నిలబడితే, కాసేపటికి ఒక చుక్క కనిపిస్తుంది. తర్వాత ఇంకొకటి. ఆకాశం నిండడానికి నిమిషం పైగా పట్టేది. తిరిగి ఎండ వైపు చూస్తే అన్నీ మాయం.

ఆ నిమిషం ఆగే ఓపిక ఎవరికుంది? ఆటలో తప్పులు పట్టే టెస్టింగ్ వాళ్ళు దొరికిన ప్రతి తప్పునూ ఒక జాబితాలో రాస్తారు. అందులో "నక్షత్రాలు కనిపించడం లేదు" అని రాశారు. సార్ దాని కింద "తప్పు కాదు. నీడలో నిలబడి చూడండి" అని రాసి మూసేశారు. వాళ్ళు మళ్ళీ తెరిచారు. ఆయన మళ్ళీ మూశారు. అలా పదకొండుసార్లు. ప్రతిసారీ అవే మాటలు, కొత్తగా టైపు చేసేవారు. "ఈయన ఆటలో రాత్రికి కూడా చుక్కలు పెట్టడు గానీ, మనకు మాత్రం పట్టపగలే చూపిస్తాడు" అని టీములో నవ్వుకునేవాళ్ళం. నేనూ నవ్వాను. ఒకరోజు ఉండబట్టలేక, "కొన్ని పెడితే పోలా సార్, చూసేవాళ్ళు సంతోషపడతారు కదా" అన్నాను.

ఆయన కుర్చీ ఇటు తిప్పుకున్నారు. "నేను దీసిన మొదటి పెండ్లిల పిలగాని బావ గిట్లనే అడిగిండు. పిల్ల ముఖం గూడ రావాలె, ఎన్క సీరియల్ బల్బులు గూడ రావాలె అని. కొత్త గద, ఎవల్ని కాదనబుద్ది గాదు. సరే అన్న. బల్బుల కోసం షట్టర్ ఎక్కువసేపు తెరిచిన. బల్బులు మంచిగొచ్చినయి. పిల్ల ముఖం మీద వీడియో లైటుండె, అది తెల్ల కాయితమైపోయింది. వాళ్ల నాయిన ఫోటో చేతుల పట్టుకొని, మా బిడ్డ ముఖమేది అన్నడు. ఏం చెప్తం? మళ్ల పెండ్లి చేస్తరా?" మళ్ళీ తెర వైపు తిరిగి, "ఒక్క కన్ను రెండు వెలుగులు చూడదు. చూసిందంటే ఒకటి అబద్ధం" అన్నారు. ఆ కథ అప్పటికే నేను మూడుసార్లు విన్నాను. ఆ తండ్రి ఆ ఫోటోను తిరిగివ్వకుండా దాచుకున్నాడన్నది మాత్రం అప్పుడే చెప్పారు.

అంతలో ఆట చేయిస్తున్న క్లయింట్లు విదేశం నుంచి డెమో చూడడానికి వస్తున్నారని తెలిసింది. వాళ్ళకు నచ్చితేనే ఆట ముందుకు సాగుతుంది. డెమోకు ముందురోజు సార్ సెలవు పెట్టారు. ఆయన భార్య విమలమ్మ గారు నర్సు, ఆ మధ్యాహ్నం ఆమె రిటైర్మెంట్ ఫంక్షన్. నన్నూ రమ్మన్నారు. పనుందని చెప్పాను. పని నిజంగానే ఉంది. రెండు గంటలకు శ్రీకర్ గారు నా సీటు దగ్గరికొచ్చి, "మాధవి గారూ, ఒక్క మాటండి" అన్నారు.

"ఆకాశం నల్లగా ఉంటే ఆట చెడిపోయిందనుకుంటారండి. నలభై మంది భవిష్యత్తు ఉంది ఇందులో. సార్‌కు నేను చెప్పుకుంటాను. మీరు ఆ నక్షత్రాలు పెట్టేయండి, చాలు."

ఆయన చెడ్డవాడు కాదు. భయం ఆయనది. నాది ఇంకో రకం భయం. అప్పటికి నాది కాంట్రాక్టు ఉద్యోగం, పర్మనెంటు చేస్తారో ఇంటికి పంపుతారో ఇంకో నెలలో తేలుతుంది. అడకత్తెరలో పోకచెక్కలా అయింది నా పని. సార్‌కు ఒక్క ఫోను చేసి ఉండవచ్చు. ఫంక్షన్లో ఉన్నారు కదా, ఎందుకు పరేషాన్ చేయడం అని నాకు నేనే చెప్పుకున్నాను. అది సాకని నాకు అప్పుడే తెలుసు. ఏడాదిన్నర కట్టిన ఆకాశాన్ని మార్చడానికి నాకు గంట కూడా పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే సార్ నా టేబులు మీద టిష్యూలో చుట్టిన మైసూర్‌పాక్ పెట్టారు. "నువ్వు రాలే గద, నీ వాటా తెచ్చిన" అన్నారు. తిన్నాను. నోట్లో పెట్టుకుని కూడా చేసిన పని చెప్పలేకపోయాను. పదకొండింటికి డెమో. తెర మీద చందమామ నేల తళతళలాడింది, పైన ఆకాశమంతా నక్షత్రాలే. క్లయింట్లు ఆహా అన్నారు. ఆకాశం ఎవరు చేశారని అడిగారు. శ్రీకర్ గారు నోరు తెరిచేలోపే సార్ తన నిదానపు ఇంగ్లీషులో, మా మాధవి చేసింది అన్నారు. అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఆయన నన్ను పొగిడారా, పట్టించారా అన్నది ఎంత ఆలోచించినా తేలలేదు.

తర్వాత టీ మిషను దగ్గర అడిగారు. "చుక్కలు పెట్టినంక నీడల నిలబడి చూసినవా బిడ్డా?"

"లేదు సార్."

"చూడకుంటనే పెట్టినవా" అన్నారు, అంతే. కప్పు తీసుకుని వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

క్లయింట్లకు నచ్చిన ఆకాశం ఆయనది కాదని తేలాక, ఆయన్ని మెనూ బటన్లకు రంగులు వేసే పనికి మార్చారు. భోజనానికి పిలిచి విస్తళ్ళు ఎత్తమన్నట్టుంది. రెండు నెలలు ఆ పని కూడా తల వంచుకుని చేసి, మానేశారు. ఆయన కుర్చీ నాకిచ్చారు, ఉద్యోగమూ పర్మనెంటయింది. చివరిరోజు కేకు ముక్క విమలమ్మ గారి కోసం చుట్టుకుని వెళ్ళిపోయారు. సాయంత్రం తప్పుల జాబితా తెరిస్తే, నా పేరు మీద కొత్తగా ఒకటి కనిపించింది. రాసింది ఆయనే. "ఎండలో నిలబడితే నక్షత్రాలు కనిపిస్తున్నాయి."

నాలుగేళ్ళు అది నా జాబితాలో అట్టడుగున ఉంది. మూసేయడం ఒక్క నొక్కుడు పని. చేయలేకపోయాను, సరిదిద్దనూ లేదు. ఎన్నో ఆటలు చేశాను, ఎన్నో డెమోలు. జీతం పెరిగింది, నిద్ర తగ్గింది. ఇప్పుడు చందమామ ఆట రెండో భాగం వచ్చింది. ఈసారి లైటింగుకు నేనే పెద్దను. ఆయన ఆకాశాన్ని పాత ఫైళ్ళలోంచి వెతికి తీసి, ఆయన చేసినట్టే తిరిగి పెట్టాను. ఆ రోజే నా పేరు మీది ఆ తప్పును మూశాను. వారం తిరక్కుండా టెస్టింగ్ వాళ్ళు రాశారు: "నక్షత్రాలు కనిపించడం లేదు." నేను మూస్తే వాళ్ళు మళ్ళీ తెరిచారు.

పోయిన ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని చందానగర్ వెళ్ళాను. సార్ మళ్ళీ స్టూడియో తెరిచారు, పాస్‌పోర్టు ఫోటోలు తీస్తున్నారు. నన్ను చూసి ఏమీ జరగనట్టే స్టూలు జరిపారు. ఆట తెరిచి ఇచ్చాను. వ్యోమగామిని ఓ బండ నీడలోకి నడిపించి, మౌసు మీంచి చెయ్యి తీసేశారు. చుక్కలు రావడం లేదు. నాకు గాభరా పుట్టి ఏదో చెప్పబోయాను. "జర ఆగు" అన్నారు. ఆగాను. ఒకటి వచ్చింది. తర్వాత ఇంకొకటి. ఆకాశం నిండింది.

"ఆ రోజు మీకు చెప్పకుండా చేశాను సార్. తప్పు చేశాను" అన్నాను.

"నాకెర్కనే. చెప్తవని గూడ ఎర్కనే" అన్నారు, కళ్ళు తెర మీదే ఉంచి. "గింత ఆలస్యం జేస్తవనుకోలే."

విమలమ్మ గారు టీ తెచ్చారు. కప్పు అందుకుంటూ ఆయనే అడిగారు. "ఎన్నిసార్లు తెరిచిన్రు?"

"ఆరుసార్లు సార్."

"నాది పదకొండు. ఇంకా ఉన్నది నీకు" అని నవ్వారు.

ఇవాళ పొద్దున్న శ్రీకర్ గారి గదికి వెళ్ళాను. అనుకున్న మాటే. రేపు డెమో, ఆకాశం నల్లగా ఉంది, ఒక్కసారి నక్షత్రాలు పెట్టేయండి, నలభై మంది ఇప్పుడు అరవై అయ్యారండి. ఆయన జుట్టు కూడా నెరిసింది. నాకు వాదించే ఓపిక లేదు. "ఈసారి మార్చనండి" అన్నాను. భయం వేయలేదని చెప్పను. ఆ కుర్చీ నుంచి బటన్ల రంగులదాకా దారి ఎంత దగ్గరో నేను చూసినదాన్నే. "మధ్యాహ్నం మీరొకసారి నాతో కిందికి రండి" అన్నాను.

మిట్టమధ్యాహ్నం ఆయన్ని గేటు బయట పావుగంట ఎండలో నిలబెట్టి, సెల్లార్‌లోకి దింపాను. చేతికి కాగితమూ పెన్నూ ఇచ్చాను. ఆయన రెండు మాటలు రాసి, విసుగ్గా జేబులోంచి ఫోను తీశారు.

"ఆ వెలుగు వద్దండి, మళ్ళీ మొదటికొస్తుంది" అన్నాను.

ఫోను జేబులో పెట్టుకున్నారు. "ఎంతసేపండీ?"

"జర ఆగండి" అన్నాను. ఆ మూల గోడవారగా వాచ్‌మన్ టిఫిన్ డబ్బా ఉంది. నాకు కనిపిస్తోంది. ఆయనకింకా కనిపించడం లేదు. ఇద్దరం అలాగే నిలబడ్డాం.