మూడంచెల కాఫీ

భీమశంకరరావు గారు ఎవరికీ ఏదీ నేరుగా చెప్పరు. వంటింట్లో ఉన్న భార్యను కాఫీ అడగాలన్నా ఆ కబురు ముగ్గురి చెవుల్లో పడాల్సిందే.

శంషాబాద్‌లో, విమానాలు నెత్తిమీదుగా దిగే అపార్ట్‌మెంట్‌లో ఆయనది నాలుగో అంతస్తు. కణాల మీద పరిశోధన ఉద్యోగం. పొద్దున్నే మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే లచ్చమ్మకు ఫోన్ చేసి "కాఫీ" అంటారు. లచ్చమ్మ బాల్కనీలోంచి వంగి రెండో అంతస్తు తస్నీమ్‌ను కేకేస్తుంది. తస్నీమ్ పిండి చేతులతోనే మెట్లెక్కి ఆయన భార్య వరలక్ష్మికి చెప్పాలి. తీరా చూస్తే సారు అక్కడే సోఫాలో పేపర్ చదువుతుంటారు! మొదటిరోజే తస్నీమ్ అడిగేసింది.

"గిదేంది సార్? మేడం గీడనే ఉన్నది కదా!"

"కణంలోనూ అంతేనమ్మా. బయటి కబురు నేరుగా లోపలికి పోదు. కైనేజ్ అనే ఒక ఎంజైమ్ రెండోదాన్ని తట్టి లేపుతుంది, అది మూడోదాన్ని. ఆ మూడోదే మ్యాప్ కైనేజ్. అది చెబితేనే కణం కదులుతుంది. మీరు రెండోవారు."

"తట్టుడు ఆగకపోతే?"

"కణాలు అదుపు తప్పి పెరుగుతాయి. క్యాన్సర్ రావచ్చు."

"మధ్యల తెగిపోతే?"

"అదీ ప్రమాదమే" అని ఆయన పేపర్లో తల దూర్చారు.

లచ్చమ్మ మాత్రం మురిసిపోయింది. బాగోగులు అడగడానికి ఎవరొచ్చినా "నాకేం రోగమా?" అని తరిమే మనిషి, ఇప్పుడు "నేను లేపకుంటే సారుకు కాఫీ లేదు" అని అందరికీ చెప్పుకునేది.

ఒక పొద్దున కేక వినబడలేదు. పీడ పోయిందని తస్నీమ్ హాయిగా రొట్టెలు వత్తుకుంటోంది. ఇంతలో తలుపు దబదబా మోగింది. ఎదురుగా భీమశంకరరావు గారు! లుంగీ, ఒంటి కాలికే చెప్పు.

"లచ్చమ్మ గారు పిలిచారా?" నేరుగా ఆమెనే అడిగారు.

"లేదు సార్!"

"ఫోన్ ఎత్తలేదు, తలుపూ తీయలేదమ్మా!"

తస్నీమ్ భర్త, టాక్సీ నడిపే రషీద్ పరుగున వెళ్లి తలుపు పగలగొట్టాడు. లచ్చమ్మ వంటింట్లో స్పృహ లేకుండా పడి ఉంది. షుగర్ పడిపోయింది. రషీద్ టాక్సీలోనే దవాఖానకు తీసుకెళ్లారు. కళ్లు తెరవగానే ఆమె అడిగిన మొదటి మాట, "సారుకు కాఫీ చెప్పిండ్రా?"

సాయంత్రం తస్నీమ్ వరలక్ష్మి దగ్గర వాపోయింది. "పాపం, ఇయ్యాల సారుకు కాఫీనే లేకపాయె."

వరలక్ష్మి నవ్వింది. "ఆయన కాఫీ ముట్టరమ్మా, గ్యాస్. రోజూ తాగుతున్నది నేనే."

తస్నీమ్ నిలువుగుడ్లేసింది. "మరి గా కబురు?"

"ఎలా ఉన్నారని అడిగితే లచ్చమ్మ గారు తలుపు తీస్తారా? పని అప్పజెబితే మాత్రం పొద్దున్నే లేచి కూర్చుంటారు."

మర్నాడు తస్నీమ్ ఫోన్ మోగింది. దవాఖాన మంచం మీంచి లచ్చమ్మ. "కాఫీ! జల్ది పో, సారు ఎదురు చూస్తుంటడు."

తస్నీమ్ పిండి చేతులతోనే మెట్లెక్కింది. సారు పేపర్ చాటున ఉన్నారు. వరలక్ష్మి తస్నీమ్‌కు కుర్చీ జరిపి, ఈసారి రెండు గ్లాసులు తీసింది.